పక్క పేజీలో తెలుగు

ఈరోజు ఆదివారం, మిషన్ ముట్టుకోలేదు. బతుకమ్మకీ దసరాకీ నెల రోజులు రాత్రి ఒంటిగంట దాకా కుట్టి కుట్టి నడుము పట్టేసింది. ఇప్పుడు గిరాకీ కాస్త తగ్గింది, కార్తీకంలో పెళ్లిళ్లు మొదలైతే మళ్లీ ఊపిరాడదు. పైగా రేపటి నుంచి పాపకి ఎస్‌ఏ-1 పరీక్షలు, అంటే మా కాలంలో అర్ధ సంవత్సర పరీక్షలన్నవే. ఏడో తరగతి, ఒక్కో పేపరు 80 మార్కులకి. జూన్ 12న బడి తెరిచారు, చూస్తుండగానే నాలుగు నెలలు అయిపోయాయి. ఇన్ని రోజుల్లో వీళ్లకి ఏమేం చెప్పారో నేనూ చూద్దామని పుస్తకాలన్నీ చాప మీద పరుచుకుని కూర్చున్నాం.

నేను పది వరకే చదివాను, తెలుగు మీడియం. పాప చదివేది కూడా సర్కారు బడే కానీ ఇంగ్లీషు మీడియం. ఇక దీని చదువులో నా చెయ్యి ఏమీ ఉండదేమోనని మొదట్లో చాలా దిగులు పడ్డాను. అయితే వీళ్ల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో ఉంటే పక్క పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఈ ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ వాళ్లకి దండం పెట్టాలి. అది 'యాసిడ్స్ అండ్ బేసెస్' అని చదువుతుంటే నేను పక్కన 'ఆమ్లాలు, క్షారాలు' అని చదువుకుంటాను, అది ఎక్కడ ఆగిందో నాకు తెలుస్తుంది, నాకు ఎక్కడ అర్థం కాలేదో దాన్ని అడుగుతాను.

ఆ ఆమ్లాల పాఠం ఈరోజు పుస్తకంలో కాదు, నా చేతిలోనే జరిగింది. పొద్దున చెయ్యి తగిలి పప్పు గిన్నె ఒలికి, ఒకామె జాకెట్టుకి వేయాల్సిన తెల్ల లైనింగ్ గుడ్డ మీద పడింది. గబగబా సబ్బు పెట్టి రుద్దితే పసుపు మరక కాస్తా ఎర్రగా, వక్కాకు ఉమ్మినట్టు అయిపోయింది. ఇది నాకు కొత్తేమీ కాదు, ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదే, సబ్బు మంచిది కాదు కాబోలు అనుకుని వదిలేసేదాన్ని. పాప వచ్చి చూసి "అమ్మా, సబ్బు బేస్ కదా, అందుకే" అంటూ ఫ్రిజ్‌లోంచి నిమ్మచెక్క తెచ్చి మరక మీద పిండింది. రసం తగిలిన చోటల్లా ఎరుపు పోయి మళ్లీ పసుపు తేలింది. మళ్లీ సబ్బు రాసింది, ఎరుపు. మళ్లీ నిమ్మ, పసుపు. గుడ్డ పాడవుతుందన్న టెన్షన్ కూడా మర్చిపోయి అట్లా చూస్తూ ఉండిపోయాను. అంతటితో ఆగకుండా గోడ పక్కన ఉన్న ఎర్ర మందారం కోసుకొచ్చి, రేకుల్ని కాగితం మీద రుద్ది, ఒక పక్క సబ్బు నీళ్లు, ఇంకో పక్క నిమ్మరసం చుక్క వేసి చూపించింది, సబ్బు పక్క ఆకుపచ్చగా మారింది, నిమ్మ పక్క ముదురు గులాబీ రంగుకి తిరిగింది. దీని మీద పాప మొన్న ఎఫ్‌ఏకి, అంటే మధ్యలో పెట్టే చిన్న పరీక్షకి, ప్రాజెక్టు కూడా రాసింది, కానీ అప్పుడు టైము లేదని గైడు చూసి ఎక్కించేసింది, మార్కులు కూడా పడ్డాయి. ఒక్క నిమ్మకాయ, ఒక్క పువ్వు ఖర్చు. పిల్లలు అది కూడా చెయ్యకుండా నాలుగు పేజీలు రాసుకుని పోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

లెక్కల్లో త్రిభుజాల దగ్గర మాత్రం నేనే చెప్పాను. మూడు కోణాలు కలిపితే 180 డిగ్రీలని దానికి నోటికి వచ్చు. జాకెట్టు మెడ అంచుకి పైపింగ్, అంటే సన్న పట్టీ, వేయడానికి గుడ్డని ఐమూలగా కోసి క్రాస్ పీస్ తీస్తాం కదా, మిగిలిన గుడ్డ ముక్క ఇచ్చి, నిలువు అంచుని అడ్డం అంచు మీదికి తెచ్చి మడవమన్నాను. మడిచాక త్రిభుజం వచ్చింది. జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తీసి కొలిచింది, ఒక మూల 90, మిగతా రెండూ 45, 45. ఇప్పుడు ఆ మడత వెంబడి గుడ్డని పట్టి లాగమన్నాను. సాగింది. నిలువుగా లాగమన్నాను, సాగలేదు. మెడ గుండ్రంగా తిరగాలంటే సాగే ముక్కే కావాలి, నిలువు ముక్క వేస్తే ముడతలు పడుతుంది. ఇరవై ఏళ్లుగా క్రాస్ అంటున్నానే గానీ అది 45 డిగ్రీలని ఈరోజే గుడ్డ మీద కొలిచి చూశాను.

మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎట్లా అవుతుందని అడిగింది. నా ఖాతా పుస్తకం తీశాను. నేను ముగ్గురికి నాలుగేసి వందలు బాకీ ఉన్నాననుకో, బాకీ ఒక మైనస్, దాన్ని కొట్టేయడం ఇంకో మైనస్, ఆ మూడు బాకీలూ కొట్టేస్తే నాకు 1200 కలిసొచ్చినట్టే కదా అన్నాను. కాసేపు ఆలోచించి రఫ్ నోట్సులో రాసుకుంది.

హిందీలో గోడ ఆడదట, తలుపు మగదట. దీవార్ స్త్రీలింగం, దర్‌వాజా పుంలింగం. అది బట్టీ పట్టాల్సిందే, నేనేం చేయలేను. ఇంగ్లీషుకీ అంతే, అదే గట్టిగా చదివింది, నేను విన్నాను.

సాయంత్రం సోషల్, కాకతీయులు. మేముండేది హనుమకొండలో, వేయిస్తంభాల గుడికి పండక్కీ పబ్బానికీ పోతూనే ఉంటాం, అయినా అది 1163లో రుద్రదేవుడు కట్టించాడని పాప చెప్పేదాకా నాకు గుర్తులేదు. సరిగ్గా 50 ఏళ్లకి, 1213లో, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. 2021లో దానికి యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు టీవీలో చూశాం, అప్పుడు పాప చాలా చిన్నది. పాలంపేట చెరువు, లక్నవరం, పాకాల, అన్నీ కాకతీయుల కాలంలో తవ్వించినవే. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఆ నీళ్లతో పొలాలు పండుతున్నాయంటే ఎంత గొప్ప సంగతి! ఇక్కడ పాప ఒక్కసారిగా "అమ్మా, దేవాలయం అంటే దేవ ప్లస్ ఆలయం, సవర్ణదీర్ఘ సంధి" అంది. రేపు తెలుగు పేపరు కదా, బుర్రలో అదే తిరుగుతోంది. నాకు భలే సంతోషమేసింది, సోషల్ పుస్తకంలో ఉన్న పదానికి తెలుగు పుస్తకంలోని సూత్రం దానంతట అదే వచ్చి అతుక్కుంది.

రామప్ప గోపురం ఇటుకలు నీళ్లలో తేలుతాయని చెప్పాను. నమ్మలేదు. ఇటుక ఎట్లా తేలుతుంది, మన ఇంటి ఇటుక మునుగుతుంది కదా అని బకెట్లో వేసి మరీ చూసింది, మునిగింది. లోపల సన్న సన్న రంధ్రాలుండి బరువు తక్కువగా ఉంటాయి, గోపురం బరువు గుడి మీద పడకుండా అట్లా చేశారని నాకు తెలిసినంత చెప్పాను. పరీక్షలు కాగానే తీసుకుపోవాలని పట్టుబట్టింది. ములుగు దాటి కొంత దూరం పోతే వస్తుంది కదా, కార్తీకం పని మీద పడకముందే ఒక ఆదివారం పోవాలి.

తొమ్మిదిన్నరకి పడుకుంది. పుస్తకాలు సర్ది బ్యాగులో పెట్టాను. లైనింగ్ గుడ్డ మీద లేత పసుపు ఇంకా మిగిలే ఉంది, పొద్దున్నే ఎండలో ఆరేయాలి. ఎండకి పసుపు మరక పోతుందని మా అమ్మ చెప్పేది, పోతుంది కూడా. ఎందుకు పోతుందో సైన్స్ మేడమ్‌ని అడుగుతానంది పాప.