మూలుగ ఇచ్చిన మనిషి పేరు నాకు తెలియదు

సెప్టెంబరులో ఒక పొద్దున పళ్లు తోముకుంటుంటే నురగంతా ఎర్రగా వచ్చింది. బ్రష్ గట్టిగా ఉందనుకుని మార్చేశాను. వారం తిరిగేసరికి తొడల మీద నీలం మచ్చలు, విడవని జ్వరం. ఉప్పల్‌లో మా వీధి చివరి ల్యాబ్‌లో ప్లేట్‌లెట్లు 14 వేలు అన్నారు. హైదరాబాద్‌లో ఆ సీజన్‌లో ఎవరైనా అనుకునేదే మేమూ అనుకున్నాం, డెంగీ అని. తేలింది మాత్రం అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా, ఒక రకం రక్త క్యాన్సర్.

కీమోతో జబ్బు అదుపులోకి వచ్చింది. కానీ నాకున్న రకం మళ్లీ తిరగబెట్టే అవకాశం ఎక్కువట, బోన్ మ్యారో మార్పిడి చేయాల్సిందే అన్నారు డాక్టర్. నాన్నకు అర్థం కాలేదు. "మటన్‌లో మూలుగ బొక్క వస్తుంది కదండీ, ఆ మూలుగే. రక్తం తయారయ్యేది అక్కడే" అని చెప్పారాయన. నాన్న వెంటనే "నాది తీసుకోండి సార్" అంటూ చొక్కా చేతులు పైకి మడిచారు.

ఎవరిది పడితే వాళ్లది పనికిరాదు, ఇద్దరి కణాల మీది గుర్తులు కలవాలి. తల్లిదండ్రులతో సాధారణంగా సగమే కలుస్తాయి. తోడబుట్టినవాళ్లతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. తమ్ముడిది కలవలేదు. ఆ రిపోర్ట్ తెచ్చిన రోజు వాడు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడని అమ్మ చాలా నెలల తర్వాత చెప్పింది.

ఇక మిగిలింది దాతల రిజిస్ట్రీ, అంటే ఎవరికైనా ఇస్తామని ముందే పేరు రాయించుకున్నవాళ్ల జాబితా. ఒకరిది కలిసింది. ఇంట్లో అందరం కుదుటపడ్డాం. పది రోజులకు ఫోన్ వచ్చింది, ఆ దాత వద్దనుకున్నారని. కారణం మాకు చెప్పరు. కానీ తమ్ముడికి పరీక్ష చేయిస్తున్నప్పుడు మా బంధువులే "వెన్నుపూసలో సూది గుచ్చుతారంట, నడుము పడిపోతే?" అన్నారు. అలాంటి భయమే ఆ ఇంట్లోనూ ఎవరికో పట్టుకుని ఉంటుంది. ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

అందుకే ఇది వివరంగా చెప్పాలి. పేరు నమోదుకు చెంప లోపల దూదిపుల్లతో రుద్దుతారు, అంతే. మన దేశంలో ఇలాంటి రిజిస్ట్రీలు చూస్తే, చెన్నైలో 2009లో మొదలైన దాత్రి ఉంది, బెంగళూరులో డీకేఎంఎస్ ఫౌండేషన్ ఇండియా ఉంది. ఎవరితోనైనా కలిస్తే, ఎక్కువమంది దగ్గర మూలకణాలు, అంటే రక్తాన్ని తయారుచేసే కణాలు, తీసుకునేది రక్తం నుంచే. అవి మూలుగలోంచి రక్తంలోకి రావడానికి కొన్ని రోజులు ఇంజెక్షన్లు ఇస్తారు. ఒళ్లు నొప్పులు, తలనొప్పి వస్తాయి, పారాసెటమాల్‌తో తగ్గుతాయి. తర్వాత ఒక చేతి నుంచి రక్తం మెషిన్‌లోకి వెళ్లి, మూలకణాలు వేరయ్యాక మిగతాది ఇంకో చేతిలోకి తిరిగి వచ్చేస్తుంది. నాలుగైదు గంటల పని. నేరుగా మూలుగే తీయాల్సి వచ్చినా మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి తీస్తారు. వెన్నుపామును ముట్టుకోరు.

రెండో దాత ఒప్పుకున్నారు, మాట మీద నిలబడ్డారు.

ఏప్రిల్‌లో నా పాత మూలుగను కీమోతో పూర్తిగా పోగొట్టి, ఆ మూలకణాల సంచీ ఎక్కించారు. పలచటి దానిమ్మ రసం రంగులో చిన్న సంచీ. గంటలో అయిపోయింది. అమ్మ అద్దం అవతల నిలబడి, అది ఖాళీ అయ్యేదాకా చేతులు జోడించే ఉంది. తర్వాతి రెండు వారాలు నోరంతా పుళ్లు, ఉమ్మి మింగినా నిప్పు మింగినట్టే. పదహారో రోజు న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల కణాలు, 500 దాటాయని, కొత్త మూలుగ పని మొదలుపెట్టిందని నర్సమ్మ పరుగున వచ్చి చెప్పింది. మేలో ఇల్లంతా ఆవకాయ వాసన, నాకేమో కుక్కర్‌లోంచి అప్పుడే తీసిన పప్పన్నం. పాత మూలుగతో పాటు పాత టీకాల రక్షణా పోయింది కాబట్టి, తర్వాత చిన్నపిల్లలకు వేసే టీకాలన్నీ మళ్లీ వేయించుకున్నాను.

నేను పుట్టింది బి పాజిటివ్‌తో. కొన్ని నెలలకు రిపోర్ట్‌లో ఓ పాజిటివ్ అని వచ్చింది. వేరేవాళ్ల రిపోర్ట్ ఇచ్చారేమో అనుకున్నాను. దాత గ్రూపే నాదైందని డాక్టర్ చెబితే ఆ కాగితాన్ని చాలాసేపు చేత్తో తడుముతూ కూర్చున్నాను.

దాతకు పేరు, ఊరు లేకుండా రిజిస్ట్రీ ద్వారా ఉత్తరం రాయొచ్చన్నారు. నాలుగు రాత్రులు రాసి చింపాను. చివరికి ఒక పేజీ అయింది. కింద అమ్మ ఒక వాక్యం రాయమంది: "నాయనా, సూది పెట్టిన చోట నొప్పి తగ్గిందా?" ఆ మనిషిది ఏ భాషో, అబ్బాయో అమ్మాయో కూడా తెలియదు కదమ్మా అన్నాను. "అయినా రాయి" అంది.