టీటన్ క్రెస్ట్ ట్రెయిల్: నాలుగో ట్రిప్, నాలుగు రోజులు

రెండో ట్రిప్ అయ్యాక నా నోట్‌బుక్‌లో ఒక మాట పెద్ద అక్షరాలతో రాసుకున్నాను: "మైళ్లు చూసి రోజు ప్లాన్ చేయొద్దు." ఆ ట్రిప్‌లో పదకొండు మైళ్లే కదా అనుకుని తాపీగా బయల్దేరాం. చివరికి చీకటి పడ్డాక, హెడ్‌ల్యాంప్ వెలుతురులో, గాలికి ఎగిరిపోతున్న టెంట్‌ని పట్టుకుని మేకులు దిగ్గొట్టాం. ఆ పదకొండు మైళ్లలో ఎంత ఎక్కాలో నేను చూడనే లేదు. అందుకే ఈసారి ప్లాన్ మొత్తం ఎక్కుడు లెక్కతోనే వేశాను. ఆ లెక్క ఎక్కడ పనిచేసింది, ఎక్కడ తప్పింది అన్నదే ఈ నోట్స్.

చోటు అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని గ్రాండ్ టీటన్ నేషనల్ పార్క్, ఆగస్టు చివరి వారం. నేను, మా బావ. ఆయనకి యాభై రెండేళ్లు, నాకంటే దిట్టంగా నడుస్తారు కానీ కుడి మోకాలు దిగేటప్పుడు ఇబ్బంది పెడుతుంది. టీటన్ విలేజ్ నుంచి ట్రామ్‌లో (తీగల మీద వేలాడుతూ వెళ్లే కేబుల్ కారు) రాండెవూ పర్వతం పైకి వెళ్లి, అక్కడి నుంచి ఉత్తరంగా నడిచి, పెయింట్‌బ్రష్ కాన్యన్ అనే లోయ మీదుగా స్ట్రింగ్ లేక్ దగ్గర దిగడం మా దారి. మొత్తం 35 మైళ్ల చుట్టుపక్కల. కారు ముందే స్ట్రింగ్ లేక్ దగ్గర వదిలేసి, పొద్దున్నే టాక్సీలో టీటన్ విలేజ్‌కి వచ్చాం. అలసిపోయి కిందికి దిగినప్పుడు ఎదురుగా మన కారే ఉంటే ఆ సుఖం వేరు.

రాత్రి ఉండే చోట్లకి పర్మిట్ కావాలి. వేసవి రిజర్వేషన్లు జనవరిలో తెరుస్తారు. మంచి జోన్లు (టెంట్ వేసుకోనిచ్చే ప్రాంతాలు), ముఖ్యంగా డెత్ కాన్యన్ షెల్ఫ్, చూస్తుండగానే అయిపోతాయి. నేను జోన్ల పేర్లు, తేదీలు ముందే కాగితం మీద రెండు రకాలుగా రాసి పెట్టుకుని కూర్చున్నాను. దొరికినవి ఇవి: మొదటి రాత్రి డెత్ కాన్యన్ షెల్ఫ్, రెండో రాత్రి సౌత్ ఫోర్క్ కాస్కేడ్, మూడో రాత్రి నార్త్ ఫోర్క్ కాస్కేడ్. ఆ జోన్లు దొరక్కపోతే ఇంకో దారి కూడా ఉంది. మధ్యలో వచ్చే అలాస్కా బేసిన్ పార్క్ హద్దు బయట, జెడిడయా స్మిత్ విల్డర్‌నెస్ అనే రక్షిత అడవి ప్రాంతంలో ఉంది. అక్కడ రాత్రి ఉండడానికి పార్క్ పర్మిట్ అక్కర్లేదు. ఎలుగుబంట్ల కోసం తిండి దాచే నియమాలు మాత్రం అక్కడా ఉన్నాయి.

లెక్క సంగతి. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు: మూడు మైళ్లకు ఒక గంట, దానికి తోడు ప్రతి 2,000 అడుగుల ఎక్కుడుకి ఇంకో గంట. అది తేలిగ్గా నడిచేవాళ్లకి. వీపు మీద బరువుతో, పదివేల అడుగుల ఎత్తులో నడిచే మాకు అది సరిపడదు. పాత మూడు ట్రిప్పుల టైములు దగ్గర పెట్టుకుని నేను దాన్ని ఇలా మార్చుకున్నాను: రెండు మైళ్లకు గంట, ప్రతి 1,000 అడుగుల ఎక్కుడుకి ఇంకో గంట. మ్యాప్‌లో కాంటూర్ గీతలు (ఎత్తు చూపించే గీతలు) లెక్కపెట్టి ప్రతి రోజుకీ గంటలు వేశాను. మూడో రోజు కావాలనే చిన్నగా పెట్టాను. అలా అయితేనే పెయింట్‌బ్రష్ డివైడ్, అంటే దారిలో దాటాల్సిన పెద్ద గట్టు, ఎక్కుడు నాలుగో రోజు పొద్దున్నే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడు పడుతుంది.

బ్యాగు బరువు కూడా ఇక్కడే రాసిపెడతాను. తిండి, నీళ్లతో కలిపి మొదటి ట్రిప్‌లో 41 పౌండ్లు, రెండోదాంట్లో 37, మూడోదాంట్లో 33. ఈసారి 28.5. టెంట్ మారింది, నిజమే, కానీ ఎక్కువ తగ్గింది బట్టల్లోనూ నీళ్లలోనూ. లీటరు నీళ్లంటే 2.2 పౌండ్లు. ఇదివరకు టెన్షన్‌తో నాలుగు లీటర్లు మోసేవాణ్ని. ఇప్పుడు మ్యాప్ మీద వాగులన్నీ గుర్తు పెట్టుకుని రెండు లీటర్లతో నడిచాను. షెల్ఫ్ మీదికి వెళ్లేటప్పుడు మాత్రం మూడు నింపుకున్నాం. ఆగస్టు చివరికి అక్కడి మంచు కరిగిపోయి నీళ్లు తక్కువవుతాయి. ఒక దాంట్లో మాత్రం బరువు పెంచాను: కింద పరుచుకునే మ్యాట్. పోయినసారి పల్చటి మ్యాట్‌తో రాత్రంతా నేల చలి వీపులోకి ఎక్కింది. ఆర్ విలువ (నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) నాలుగు దాటిన మ్యాట్ తెచ్చుకున్నాక మూడు రాత్రులూ నిద్రపట్టింది. నిద్రపడితే మర్నాటి ఎక్కుడు సగం తగ్గినట్టే ఉంటుంది.

తిండి మొత్తం బేర్ క్యానిస్టర్‌లో, అంటే ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో, పట్టాలి, ఈ పార్క్‌లో అది తప్పనిసరి. తిండి ఒక్కటే అనుకుంటే పొరపాటు. టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్, లిప్ బామ్, చెత్త, వాసన వచ్చే ప్రతిదీ అందులోకే. అందుకే అక్కడ బరువు కంటే చోటు సమస్య. మూడు రాత్రులకి ఇద్దరికీ కలిపి బేర్‌వాల్ట్ కంపెనీ డబ్బాలు రెండు, పెద్దది 500, చిన్నది 450, సరిపోయాయి, చివరి టూత్‌పేస్ట్ ట్యూబు మాత్రం కుక్కి కుక్కి పెట్టాల్సి వచ్చింది. అటుకులు ఇందుకు చాలా బాగా పనికొచ్చాయి. పోపు వేయించి, ఎండబెట్టిన ఉల్లిపాయ, ఉప్పు, కారం కలిపి జిప్ కవర్లలో గాలి తీసి పెట్టాను. వేడినీళ్లు పోసి మూత పెడితే ఐదు నిమిషాల్లో ఉప్మా రెడీ, ఉడికించే పని లేదు, గ్యాస్ కలిసొస్తుంది. నూడుల్స్ పొడిచేసి తెచ్చుకుంటే సగం చోటే తీసుకున్నాయి. పల్లీ చిక్కీ కూడా బాగుంది. మురుకులు తీసుకెళ్లకండి, చోటంతా అవే తినేస్తాయి. గ్యాస్ డబ్బా, బేర్ స్ప్రే (ఎలుగుబంటి మీదికొస్తే కొట్టే కారం స్ప్రే) విమానంలో తీసుకెళ్లనివ్వరు, రెండూ జాక్సన్‌లో దిగాక కొన్నాం.

ఇక నడక. జాక్సన్ ఊరు 6,200 అడుగుల ఎత్తులో ఉంది. ట్రామ్ పావుగంటలోపే 10,450 అడుగులకి తీసుకెళ్తుంది. శరీరానికి అది చాలా ఎక్కువ. అందుకే ముందు ఒక రోజు ఊళ్లోనే ఉండి బాగా నీళ్లు తాగాం. అయినా పైన దిగిన గంటకి నాకు తలనొప్పి మొదలైంది. మొదటి రోజు దారి ఎక్కువగా దిగుడే అయినా మధ్యమధ్య ఎక్కుళ్లు వస్తూనే ఉంటాయి. మారియన్ లేక్ దగ్గర బూట్లు విప్పి గంటసేపు ఆగాం, తలనొప్పి అక్కడే తగ్గింది. ఫాక్స్ క్రీక్ పాస్ (పాస్ అంటే కొండల మధ్య దాటే కనుమ) దాటి షెల్ఫ్ మీదికి వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర. నా లెక్క ప్రకారం నాలుగు.

ఆ షెల్ఫ్ గురించి ఎంత రాసినా తక్కువే. పడమట సున్నపురాయి గోడ, తూర్పున లోయలోకి తెగిపోయిన అంచు, ఆ రెండింటి మధ్య మూడు మైళ్లకి పైగా పరుచుకున్న పచ్చిక అరుగు. తూర్పు వైపు తెరిచి ఉంటుంది కాబట్టి ఎండ పొద్దున్నే నేరుగా టెంట్ మీద పడుతుంది. బావ టీ గ్లాసు పట్టుకుని ఆ అంచుకి దూరంగా కూర్చుని, "ఏమోయ్, రేపు ఇక్కడే ఉండిపోదామా?" అన్నారు. పర్మిట్ ఒక్క రాత్రికే. ఒక జాగ్రత్త: ఇక్కడ మార్మట్‌లు (పెద్ద ఉడతల్లాంటి జంతువులు) చెమట ఉప్పు కోసం పట్టీలు కొరుకుతాయి. మేం టీ తాగే లోపే బావ ట్రెక్కింగ్ పోల్ (నడక కర్ర) పట్టీ తెగింది. పోల్స్, బ్యాగులు నేలమీద వదలకుండా టెంట్ వరండాలో పెట్టుకోవాలి.

రెండో రోజు ఆరున్నరకి బయల్దేరాం. మౌంట్ మీక్ పాస్, షీప్ స్టెప్స్ దిగుడు, అలాస్కా బేసిన్, సన్‌సెట్ లేక్, అక్కడి నుంచి హరికేన్ పాస్. వేసవిలో మధ్యాహ్నం ఉరుములు మామూలే కాబట్టి పన్నెండు లోపు పాస్ దాటాలని నియమం పెట్టుకున్నాం. పదకొండూ నలభైకి పైన ఉన్నాం, లెక్కకి పది నిమిషాలు తేడా. ఒక్కసారిగా గ్రాండ్, మిడిల్, సౌత్ టీటన్ మూడు శిఖరాలూ ఎదురుగా వస్తాయి. గ్రాండ్ టీటన్ 13,775 అడుగులు. పాస్‌కి కిందగానే స్కూల్‌రూమ్ గ్లేసియర్. హిమానీనదం పాఠంలో చెప్పేవన్నీ అక్కడ ఒకే చోట కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు: మంచు, అది తోసుకొచ్చిన రాళ్ల కట్ట, ఆ కట్ట వెనక రాతిపిండి కలిసి లేత నీలిరంగు తిరిగిన చిన్న చెరువు. రెండింటికి ఉరుములు వచ్చాయి. అప్పటికి సౌత్ ఫోర్క్‌లో, చెట్ల మధ్య, టెంట్‌లో ఉన్నాం. పాత పద్ధతిలో ఎనిమిదింటికి బయల్దేరి ఉంటే ఇంకా పాస్ దగ్గరే ఉండేవాళ్లం.

ఆ రాత్రి టెంట్ మీద మంచు పేరుకుంది. నీళ్ల ఫిల్టర్ తడిసి ఉండగా గడ్డకడితే లోపలి సన్నటి గొట్టాలు పగిలిపోతాయి, పైకి ఏమీ కనిపించదు. అందుకని దాన్ని జిప్ కవర్లో వేసి స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ల దగ్గర పెట్టుకుని పడుకున్నాను.

మూడో రోజు తేలిక. సౌత్ ఫోర్క్, నార్త్ ఫోర్క్ దారులు కలిసే చోటికి దిగి, నార్త్ ఫోర్క్ వైపు కొంచెం ఎక్కి, పదకొండింటికే టెంట్ వేసేశాం. బట్టలు ఆరేసుకున్నాం, మధ్యాహ్నం నిద్రపోయాం. లేక్ సాలిట్యూడ్ దగ్గర క్యాంప్ చేయనివ్వరు, మా చోటు దానికి మైలు కింద. సాయంత్రం ఆకాశం చూసి ఖాళీ చేతులతో అక్కడిదాకా నడిచి వచ్చాం. తిరిగి వచ్చేటప్పుడు లోయ చివర గ్రాండ్ టీటన్ ఎర్రబడుతూ ఉంది.

నాలుగో రోజు తెల్లవారుజామున ఐదున్నర. పెయింట్‌బ్రష్ డివైడ్ 10,700 అడుగులు, మా క్యాంప్ నుంచి ఎక్కుడు 2,000 అడుగులకి పైనే, దూరం మూడున్నర మైళ్లు. లెక్క మూడు గంటల యాభై నిమిషాలు, పట్టింది నాలుగు గంటలు. ఎక్కేటప్పుడు గాలి లేదు, ఎండ ఇంకా ముదరలేదు, బావ పాట పాడుకుంటూ ఎక్కారు. అవతలి వైపు ఉత్తరపు వాలు కాబట్టి మంచు చాలాకాలం నిలుస్తుంది. జూలైలో వెళ్లేవాళ్లు ఐస్ యాక్స్ (మంచులో పట్టుకోసం వాడే గొడ్డలి) తీసుకెళ్లాలి, దాన్ని వాడడం ముందే నేర్చుకుని ఉండాలి. మాకు కాలిబాట పూర్తిగా తేలి ఉంది, అయినా పైన వదులు రాళ్ల మీద అడుగు చూసి చూసి వేశాం.

నా సూత్రం తప్పింది ఆ తర్వాతే. డివైడ్ నుంచి స్ట్రింగ్ లేక్‌కి సుమారు ఎనిమిది మైళ్లలో 3,800 అడుగులు దిగాలి. నా లెక్క దిగుడుని చదునైన నేలతో సమానంగా చూసి నాలుగు గంటలు ఇచ్చింది. పట్టింది ఐదు గంటల నలభై నిమిషాలు. హోలీ లేక్ దాటేసరికే బావ మోకాలు వాచింది. ఆయన బ్యాగ్‌లోంచి టెంట్, క్యానిస్టర్ నేను తీసుకుని, పోల్స్ రెండూ ఆయనకిచ్చి, అరగంటకోసారి చల్లటి వాగు నీళ్లలో గుడ్డ తడిపి మోకాలికి చుట్టాం. "నువ్వు ముందు నడువు, నేను వస్తాను" అన్నారు రెండుసార్లు. ఎలుగులు తిరిగే చోట విడిపోకూడదని నేను పక్కనే నడిచాను. మూడుంపావుకి కారు దగ్గరికి చేరాం.

సూత్రానికి ఇప్పుడు ఇంకో ముక్క కలిపాను: నిటారు దిగుడులో ప్రతి 1,000 అడుగులకి పాతిక నిమిషాలు. ఇలా కలిపితే ఆ రోజు దిగుడు సరిగ్గా ఐదున్నర దాటుతుంది. వచ్చే ట్రిప్‌లో బావ కోసం చివరి దిగుడుని రెండు రోజులకి విడగొట్టాలి, హోలీ లేక్ దగ్గర నాలుగో రాత్రి పెట్టుకుంటే చాలు. ఆ జోన్ పేరు జనవరి కాగితం మీద ఇప్పుడే రాసేశాను.