సర్పగంధి, దూలగొండి, కొన్ని బహుమతులు

మన బడి పూర్వవిద్యార్థుల సంచిక కమిటీ నుంచి ఫోన్ వచ్చింది. "మీరు కాలేజీలో ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) చెప్తారు కదా. మెదడు మీద పరిశోధన చేసి పెద్ద పెద్ద అవార్డులు తెచ్చుకున్నవాళ్ళ గురించి రాయండి, పిల్లలకు స్ఫూర్తిగా ఉండాలి" అన్నారు. స్ఫూర్తి అంటే నాకు కాస్త భయం. మన బడి వార్షికోత్సవంలో ఆ మాట వినిపించిందంటే ఇంకో గంట ఎండలో కూర్చోవాలని అర్థం. అందుకని నాకు తెలిసిన దారిలో, ఒడిశా సరిహద్దులోని మన పర్లాకిమిడి సంత మీదుగా వస్తాను.

మన తెలుగు సెక్షన్‌లో చదివినవాళ్ళకు సైన్సు మాస్టారిని పరిచయం చేయక్కర్లేదు. పాఠం సగంలో పుస్తకం మూసేసి "పదండ్రా సంతకి" అనేవారు. "గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూ సవర భాష నేర్చేసుకున్నారు. మీరు కనీసం సవరవాళ్ళు అమ్మే వేళ్ళ పేర్లయినా నేర్చుకోండి" అని ఆయన మాట. కొండ దిగి వచ్చిన ముసలమ్మలు గోనెపట్టా మీద వేళ్ళూ బెరళ్ళూ కుప్పలు పోసి కూర్చునేవారు. ఏది దేనికో వాళ్ళు సవరలో చెప్పడం, మాస్టారు ఒరియాలో తిరిగి అడగడం, మాకు తెలుగులో చెప్పడం. ఆ కుప్పల్లో సర్పగంధి ఉండేది. చేదు వేరు. పాముకాటుకీ, నిద్ర పట్టనివాళ్ళకీ, మతి చలించినవాళ్ళకీ ఇస్తారని చెప్పేవారు.

ఆ వేరు మళ్ళీ నాకు ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో ఎదురైంది, పాఠ్యపుస్తకంలో. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు కలకత్తా వైద్యులు ఈ వేరు పిచ్చికీ, రక్తపోటుకీ పనిచేస్తుందని రాశారు. అదే ఏడాది ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దీఖీ దీన్నుంచి అజ్మలిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ తన రక్తపోటు రోగుల మీద ఫలితాలను 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో అచ్చువేశాక ప్రపంచం ఇటు తిరిగి చూసింది. ఆయనకు 1957లో వైద్య పరిశోధనకు అమెరికా వాళ్ళిచ్చే లాస్కర్ అవార్డు వచ్చింది. ఈలోపు 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ ఆ వేరులోంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని బయటకు తీసింది.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. స్వీడన్‌లోని లుండ్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చారు. అవి చెవులు వేలాడేసి, కదలకుండా, పిలిచినా పలకని స్థితిలో పడిపోయాయి. తర్వాత డోపా అనే పదార్థం ఎక్కించారు. కాసేపట్లోనే చెవులు నిక్కబొడుచుకుని లేచి తిరిగాయి. ఈ సంగతి 1957లో అచ్చయింది. డోపా మెదడులోకి వెళ్ళి డోపమిన్ అనే రసాయనంగా మారుతుంది. అప్పటిదాకా డోపమిన్‌ను ఇంకో పదార్థం తయారయ్యే దారిలో ఒక మజిలీగానే చూసేవారు. దానికంటూ మెదడులో సొంత పని ఉందనీ, అది తగ్గితే కదలికే ఆగిపోతుందనీ కార్ల్‌సన్ అన్నారు. 1960లో లండన్‌లో జరిగిన సమావేశంలో పేరుమోసిన ఫార్మకాలజిస్టులు ఆయన మాట నమ్మలేదు. నోబెల్ ఎప్పుడు వచ్చిందనుకున్నారు? 2000లో. అప్పటికి ఆయనకు డెబ్భై ఏడేళ్ళు.

ఇక దూలగొండి. ఈ పేరు చదవగానే మన బ్యాచ్‌లో సగంమంది చేతులు గోక్కుంటూ ఉంటారు. పదో తరగతిలో ఎవరో, ఆ ఎవరో ఎవరన్నది ఇప్పటికీ రహస్యమే, దూలగొండి కాయల నూగు తెచ్చి ముందు బెంచీ మీద రాశారు. హెడ్‌మాస్టారు ఆ రోజు మగపిల్లలందరినీ మహేంద్రతనయ ఏటికి తరిమారు, స్నానానికి. అలాంటి కాయ గింజల్లోంచే 1937లో మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు లీవోడోపాను, అంటే డోపాలో ఒక రూపాన్ని, వేరుచేశారు. కుందేళ్ళను లేపి నిలబెట్టింది ఈ డోపానే. మనల్ని గోక్కునేలా చేసింది మాత్రం గింజ కాదు, కాయ పైనుండే నూగు. పరీక్షలో ఈ తేడా రాయనివాళ్ళకు నేను మార్కులు కోస్తాను.

వియన్నాలో ఓలే హోర్నికీవిచ్, చేతులు వణికి, కదలికలు మందగించే పార్కిన్సన్ జబ్బుతో చనిపోయినవాళ్ళ మెదళ్ళను పరీక్షించి, అక్కడ డోపమిన్ బాగా తరిగిపోయిందని 1960లో చూపించారు. మరుసటి ఏడాది వాల్టర్ బిర్క్‌మాయర్‌తో కలిసి రోగులకు లీవోడోపా ఇంజెక్షన్ చేయిస్తే మంచం మీదనుంచి లేవలేనివాళ్ళు లేచి నడిచారు. 1967లో జార్జ్ కోట్జియాస్ దాన్ని నోటి ద్వారా, మెల్లమెల్లగా మోతాదు పెంచుతూ ఇవ్వొచ్చని తేల్చారు. ఈనాటికీ పార్కిన్సన్‌కు ప్రధానమైన మందు అదే. కోట్జియాస్‌కు 1969లో లాస్కర్ వచ్చింది. 1979లో ఇజ్రాయెల్ వాళ్ళ వుల్ఫ్ బహుమతి పంచుకున్నవాళ్ళలో కార్ల్‌సన్, హోర్నికీవిచ్ ఇద్దరూ ఉన్నారు. కానీ 2000 నోబెల్‌ను కార్ల్‌సన్‌తో పాటు పాల్ గ్రీన్‌గార్డ్, ఎరిక్ కాండెల్‌కు ఇచ్చారు. ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచరు. హోర్నికీవిచ్‌ను వదిలేయడం అన్యాయమని రెండు వందలమందికి పైగా శాస్త్రవేత్తలు బహిరంగంగా లేఖ రాశారు. నా ఓటు ఆ లేఖకే. కాండెల్, గ్రీన్‌గార్డ్‌ల పని తక్కువదని కాదు, వాళ్ళకు ఇంకో ఏడాది ఇవ్వొచ్చు కదా. ఇక దామోదరన్, రామస్వామిల పేర్లు మన మెడికల్ కాలేజీల్లో అడిగితే తెల్లమొహం వేస్తారు. సంతలో కూర్చున్న అమ్మల సంగతి చెప్పనే అక్కర్లేదు.

డోపమిన్‌ను అక్కడితో వదిలేస్తే ఇంకో ముచ్చట మిగిలిపోతుంది. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతులకు పళ్ళరసం చుక్కలు ఇస్తూ వాటి డోపమిన్ కణాలను గమనించారు. అనుకోకుండా రసం దొరికితే ఆ కణాలు చురుగ్గా స్పందించాయి. వస్తుందని ముందే తెలిస్తే రసం అందినా ఉలకలేదు. రావలసింది రాకపోతే మామూలుకన్నా తగ్గిపోయాయి. దీన్ని గణితంలోకి తెచ్చిన పీటర్ డాయన్‌కూ, మనుషుల్లో పరిశీలించిన రే డోలన్‌కూ, షుల్ట్జ్‌కూ కలిపి 2017లో డెన్మార్క్ వాళ్ళ బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. ఆ లెక్కన మన క్లాసులో ప్రతి ఏడూ ఫస్ట్ ర్యాంకు కప్పు అందుకున్నవాడికి పెద్దగా సంతోషం కలిగి ఉండదు. డ్రాయింగ్‌లో ఎవరూ ఊహించని కన్సొలేషన్ బహుమతి కొట్టిన నా పక్క బెంచీవాడు మాత్రం ఆ సోప్‌బాక్సు ఇంకా దాచుకున్నాడు.

ఇదంతా మన బ్యాచ్‌మేట్ ఒకావిడకు ఫోన్లో చదివి వినిపించాను. బరంపురంలో ఎకనామిక్స్ చెప్తుంది. "అంతా మెదడేనా? ఆ మందు కొనేవాడి జేబు సంగతో?" అంది. చిన్నప్పటినుంచీ అంతే, నా జవాబుపత్రంలో ఏం రాయలేదో వెతకడమే ఆవిడ పని. తను చెప్పిందే ఇక్కడ పెడుతున్నాను.

ఆరోగ్య అర్థశాస్త్రానికి పునాది అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు కెన్నెత్ ఆరో (Arrow) 1963లో రాసిన ఒక వ్యాసం. జబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు, ఏ మందు పనిచేస్తుందో కొనేవాడికి తెలియదు, తెలిసిన డాక్టరే కొనమని చెప్తాడు. కాబట్టి వైద్యం మామూలు బజారు సరుకులా నడవదని ఆయన వాదన. 1972లో ఆయనకొచ్చిన నోబెల్ మాత్రం వేరే సిద్ధాంతాలకు.

అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ పల్లెల్లో టీకాల మీద చేసిన పని ఆవిడకు ఇష్టం. మామూలు పల్లెల్లో పిల్లల్లో 6 శాతానికే టీకాలన్నీ పూర్తయ్యాయి. క్రమం తప్పకుండా శిబిరం పెట్టినచోట 18 శాతానికి, శిబిరంతో పాటు ప్రతి టీకాకూ కిలో పప్పు, అన్నీ పూర్తయితే పళ్ళేలు ఇచ్చినచోట 39 శాతానికి. "పప్పుకి ఆశపడి వచ్చారని నవ్వకు. ఆ పూట కూలి మానుకుని బిడ్డనెత్తుకుని నడిచిరావాలి కదా" అంది. ఇలాంటి క్షేత్రప్రయోగాలను అర్థశాస్త్రంలోకి తెచ్చినందుకు మైకేల్ క్రెమర్‌తో కలిపి వాళ్ళిద్దరికీ 2019లో నోబెల్ వచ్చింది.

మహారాష్ట్రలోని గడ్చిరోలి గురించి చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారింది. మనలాగే సరిహద్దు జిల్లా, సిరొంచ వైపు అంతా తెలుగే. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ డాక్టర్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఇళ్ళలోనే పసికందుల్ని చూసుకునేలా చేశారు. 39 ఊళ్ళలో నవజాత శిశుమరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో వచ్చింది. ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు ఐదు డాలర్ల చిల్లర. 18 మంది పసికందుల్ని చూసుకుంటే ఒక మరణం తప్పింది. 2018లో ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు. వాళ్ళు అర్థశాస్త్రజ్ఞులు కారుగా అన్నాను. "ఒక ప్రాణానికి ఎంత ఖర్చయిందో లెక్క రాసిపెట్టారు. నా క్లాసుకి అది చాలు" అంది.

తర్వాత నన్నే ఒక లెక్క అడిగింది. మన ఊళ్ళో చేతులు వణికే పెద్దాయన ఒకరున్నారనుకో. లీవోడోపా మాత్రల ఖరీదు ఎంత, నరాల డాక్టరు కోసం తోడు ఒకరిని తీసుకుని బరంపురమో విశాఖపట్నమో వెళ్ళిరావడానికి ఎంత, ఆ తోడు పోగొట్టుకున్న కూలి ఎంత? మాత్రల ధర ఒక్కటే నాకు తెలుసు. మిగతావి ఆస్పత్రి బిల్లులో కనపడవు, కానీ మందు మధ్యలో మానేసేది చాలాసార్లు వాటివల్లేనని ఆవిడ వాదన. ముప్ఫై ఏళ్ళుగా ఆ మందు గురించి పాఠం చెప్తున్నాను, ఈ వైపు ఏ విద్యార్థీ నన్ను అడగలేదు.

ఆవిడను ఇదంతా వివరంగా రాయమన్నాను, ఒప్పుకుంది. సంపాదకులకు నా మనవి: పేజీలు చాలకపోతే నా వ్యాసంలో షుల్ట్జ్ కోతుల్ని తీసేసి ఆవిడకు చోటివ్వండి. దూలగొండి మాత్రం కొయ్యకండి.