టిక్కు పెట్టేది ఒకరు, డబ్బులు వచ్చేది ఇంకొకరికి

టెక్సస్‌లో నేను పనిచేసే గోడౌన్‌లో కొత్త మనిషి చేరినప్పుడల్లా నా టేబుల్ మీదికి వచ్చే కాగితాల్లో 8850 నంబరు ఫారం ఒకటి. చేరేవాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోరు. కంపెనీకి మాత్రం అది డబ్బుతో సమానం. ఫుడ్ స్టాంపుల మీద, అంటే తిండికి ప్రభుత్వమిచ్చే సాయం మీద బతుకుతున్నవాళ్లనీ, జైలు నుంచి బయటికొచ్చి ఏడాది దాటనివాళ్లనీ, సైన్యం నుంచి వచ్చిన కొందరినీ, 27 వారాలకి తగ్గకుండా పని లేక నిరుద్యోగ భృతి తీసుకున్నవాళ్లనీ పనిలో పెట్టుకుంటే యజమాని కట్టే పన్నులో ప్రభుత్వం కొంత వదులుకుంటుంది. 1996లో వచ్చిన చట్టం ఇది, 2025 చివరిదాకా చేరినవాళ్లకి వర్తించింది.

లెక్క ఇలా ఉంటుంది. మామూలు కేసుల్లో మొదటి ఏడాది జీతంలో మొదటి 6,000 డాలర్లే లెక్కలోకి వస్తాయి. ఆ మనిషి 400 గంటలు పనిచేస్తే అందులో 40 శాతం, అంటే 2,400 డాలర్ల దాకా కంపెనీకి మిగులుతుంది. 120 గంటలు దాటి 400కి చేరకపోతే 25 శాతం. 120 కూడా చేయకుండా మానేస్తే సున్నా. చేరిన 28 రోజుల్లోపు ఫారం రాష్ట్ర కార్మిక శాఖకి చేరకపోయినా సున్నానే. అందుకే మా దగ్గర మనిషికి బూట్లు ఇవ్వడం ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనరు గానీ ఈ ఫారం ఆలస్యమైతే పైనుంచి ఫోన్ వస్తుంది.

ఒకసారి నలభై ఏళ్లాయన ఒకరు ఈ ఫారం ముందు కూర్చుని రెండో గడి దగ్గర పెన్ను ఆపేశాడు. ఆ గడి తయారుచేసిన వాళ్లెవరో గానీ మనసున్నవాళ్లు. ఫుడ్ స్టాంపులు, జైలు, ఇంకా నాలుగైదు రకాలు కలిపి ఒకే గడిలో పెట్టారు. వీటిలో ఏదైనా మీకు వర్తిస్తే టిక్కు పెట్టండి, ఏదో చెప్పక్కర్లేదు అని. ఆయన నన్ను అడిగింది ఒక్కటే: "ఇది పెడితే ఉద్యోగం పోతుందా?" పోదండీ, పెడితే కంపెనీకి లాభం అన్నాను. నా మొహంలోకి ఒకసారి చూసి పెట్టాడు. తర్వాత 9061 అని ఇంకో ఫారం ఉంటుంది. దాంట్లో అన్నీ విడివిడిగా అడుగుతారు, జైలు అయితే విడుదలైన తేదీతో సహా. మొదటి ఫారం దాచిన పరువు రెండో ఫారంలో పోతుంది.

ఆ 2,400లో ఆయనకి ఒక్క డాలరు కూడా రాదు. తన పేదరికం వల్ల కంపెనీకి పన్ను తగ్గిందన్న సంగతి చాలామందికి తెలియనే తెలియదు. ఇంకో మాట కూడా చెప్పాలి. మా గోడౌన్‌లో ఈ రాయితీ కోసమని ఎవరినీ పనిలోకి తీసుకోవడం నేను చూడలేదు. మనుషులు కావాలి, తీసుకుంటారు, తర్వాత ఫారం నింపిస్తారు. చట్టంలో రాసిన గడువు 2025 డిసెంబర్ 31తో ముగిసింది. అంతకుముందు కూడా కొన్నిసార్లు గడువు దాటిపోయాక వెనకటి తేదీ నుంచి పొడిగించారు. అందుకని ఇలాంటి ఆఫీసుల్లో గడువు అయిపోయినా ఫారాలు నింపించడం ఆపరు.

అక్కడే 1975 నుంచి ఇంకో పద్ధతి ఉంది. తక్కువ జీతంతో పనిచేసేవాడికే పన్ను రిటర్న్ వేసినప్పుడు ప్రభుత్వం డబ్బులిస్తుంది, ముఖ్యంగా పిల్లలున్నవాళ్లకి. ఫిబ్రవరి వచ్చిందంటే మా ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ల మాటలన్నీ దాని గురించే. ఎంత వస్తుందో, ఏ రోజు వస్తుందో, దాంతో కారు టైర్లు మార్చాలో అద్దె బాకీ తీర్చాలో అందరికీ లెక్కే. నన్నడిగితే ఇదే మేలు.

ఈ మధ్య సెలవుకి విజయవాడ వచ్చినప్పుడు ఆటోనగర్‌లో మా బావ షెడ్డుకి వెళ్లాను. లారీలకీ స్కూలు బస్సులకీ బాడీలు కడతాడు. ఈ 8850 కథంతా చెబితే, "మన దగ్గర కూడా అలాంటిదేదో పెట్టారంటగా, నాకు వస్తుందేమో చూడరా" అన్నాడు. ఉంది. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 లోపు వచ్చే కొత్త ఉద్యోగాలకి. మొదటిసారి పీఎఫ్‌లోకి వచ్చిన కుర్రాడికి ఒక నెల జీతం, 15,000 మించకుండా, రెండు విడతల్లో: ఆరు నెలలకి ఒకటి, ఏడాదికి ఇంకొకటి. యజమానికి అదనంగా పెట్టుకున్న ప్రతి మనిషికీ నెలకి 3,000 దాకా, రెండేళ్లు. తయారీ రంగమైతే నాలుగేళ్లు. ఆ 8850 పద్ధతి కన్నా ఇది నయమనిపించింది, కుర్రాడి వాటా నేరుగా వాడి ఖాతాలోకే పోతుంది కాబట్టి.

బావ మొహం వెలిగింది. కానీ పీఎఫ్ చట్టం తప్పనిసరిగా వర్తించేది ఇరవై మంది ఉన్నచోట. బావ దగ్గర అంతమంది లేరు, కావాలంటే తనంతట తనే చేరాలి. యాభై మందిలోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని కొత్తగా పెంచి ఆరు నెలలు నిలబెట్టాలి. ఆ మాటకి బావ పెద్దగా నవ్వాడు. "ఆరు నెలలా? వెల్డింగ్ వచ్చిన కుర్రాడు మే నెలలో ఒక్క షెడ్డులో నిలబడతాడా? స్కూళ్లు తెరిచేలోపు బస్సులు రోడ్డెక్కించాలని పక్కవాడు రోజుకి రెండొందలు ఎక్కువిస్తానంటే పోడూ? పైగా పీఎఫ్ అని నేను కోత పెడితే ముందు నా మీదే అలుగుతాడు."

అయినా ఆశ చావక ఆడిటర్‌కి ఫోన్ చేశాడు. ఆయన మొదట అడిగింది హాజరు రిజిస్టరు. బావ దగ్గర ఉన్నది శనివారం బట్వాడా పుస్తకం, గ్రీజు మరకల నోటుబుక్కు. తెరిచి చూశాను. చిన్నోడు, టింకరింగ్ తమ్ముడు, రంగులాయన, కొత్త బుడ్డోడు. పక్కన రోజులు, అడ్వాన్సులు, ఎవరి అమ్మకి మందులకి ఎంతిచ్చాడో అదీ. పీఎఫ్ నంబరుకి ఆధార్‌లో ఉన్న పేరు కావాలి, ఫోన్‌లో మొహం కూడా చూపించాలి.

"కొత్త బుడ్డోడి అసలు పేరేంటి బావా?" అని అడిగాను. బావ షెడ్డు వెనక్కి తిరిగి ఒక కేక వేశాడు: "ఒరేయ్ బుడ్డోడా, నీ ఆధార్ కార్డు ఉందిరా?"

"మా ఊళ్లో ఉందన్నా," అన్నాడు వాడు గ్రైండర్ ఆపకుండానే.