మా హెరాల్డ్ మడ్‌గార్డులో రెండు కిలోల లప్పం

నాన్నగారి కారు మీద రేకుపని మేస్త్రీ పెట్టిన అయస్కాంతం జారి కింద పడిపోయింది. ఎడమ మడ్‌గార్డు మీద, హెడ్‌లైటు వెనక జానెడు మేర ఎక్కడ పెట్టినా అంతే. కుడివైపు మాత్రం టక్కున అతుక్కుంది. మేస్త్రీ నావైపు చూసి, "రంగు బాగుంది బాబూ, కింద కారే లేదు" అన్నాడు.

బండి 1965 నాటి స్టాండర్డ్ హెరాల్డ్. మద్రాసులో తయారైంది, 948 సీసీ ఇంజిను. స్పోర్ట్స్ కారు అంటే మా వాళ్లు నవ్వుతారు గానీ, ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే, అంటే అడుగు చట్రాన్నే, కురచ చేసి ఇంగ్లండులోని ట్రయంఫ్ కంపెనీ వాళ్లు 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు దింపారు. రెండింటికీ బాడీ గీసింది ఇటలీవాడు మికెలొట్టి. బానెట్టూ, రెండు మడ్‌గార్డులూ కలిపి ఒకటే ముక్క. మొత్తం ముందుకు లేస్తుంది, టైరు మీద కూర్చుని ఇంజిను పని చేసుకోవచ్చు. చిన్నప్పుడు ఆ టైరు మీద చోటు కోసం నేనూ మా అన్నయ్యా కొట్టుకునేవాళ్లం.

భోగాపురం వైపు మా ఊళ్లో, పాకలో, ఏళ్ల తరబడి ఉప్పుగాలికి పడి ఉంది. అంతకుముందు ఒక పెయింటరు, పేరెందుకులెండి, తుప్పు గోకకుండానే మీద లప్పం మెత్తి రంగు కొట్టేశాడు. లప్పం తడి పీల్చుకుంది, రేకు లోపల్నుంచి తినేసింది. విజయనగరంలో, నెల్లిమర్ల రోడ్డు పక్క షెడ్డులో, ఉలితో ఆ లప్పం చెక్కుతుంటే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. సరదాకి కాటా వేస్తే రెండు కిలోల పైమాటే. అడుగున జల్లెడ.

ఇక్కడ నేనొక తెలివితక్కువ పని చేశాను. మేస్త్రీ మేనకోడలి పెళ్లికని పది రోజులు ఊరెళ్లాడు. నాకు తొందర. గేట్లు చేసే కుర్రాణ్ని పిలిచి, కొత్త రేకు ముక్క పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి ఏకంగా వెల్డింగ్ లాగించేశాను. చల్లారాక చూస్తే మడ్‌గార్డు వేయించిన అప్పడంలా వంకర్లు పోయింది. మేస్త్రీ తిరిగొచ్చి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఏటి బాబూ, దీనికి గొళ్లెం ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు. నాకు మాట రాలేదు.

ఆ ముక్క కోసి పారేశాం. ఈసారి కుడి మడ్‌గార్డు మీద అట్ట పరిచి, అంచు గీసి, అట్ట తిరగేసి ఎడమవైపు కొలత తీశాడు. 20 గేజు రేకు కత్తిరించి, ఇసక సంచి మీద కొయ్య సుత్తితో కొడుతూ వంపు తెచ్చాడు. వెల్డింగ్ అంతా చుక్కలే. ఇక్కడొకటి, జానెడు దూరంలో ఇంకొకటి, మధ్యలో బీడీ. వేడి ఒకేచోట చేరకూడదట. ఇంకా ఉబ్బిన చోట గ్యాస్ మంటతో పావలా బిళ్లంత ఎర్రగా కాల్చి, చుట్టూ సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, తడిగుడ్డ అద్దేవాడు. సుయ్యిమనేది, సాగిన రేకు ముడుచుకునేది. కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి ఎత్తుపల్లాలు చెప్పేవాడు. నేనూ తడిమాను. నాకు రేకే తగిలింది.

రంగుకి ముందే బానెట్టు బిగించి, తలుపులేసి సందులు చూడాలన్నాడు. ఆ మాట వినడం మంచిదైంది. ఎడమ తలుపు దగ్గర పైన చిటికెన వేలు దూరుతోంది, కింద రేకూ రేకూ రాసుకుంటోంది. ముందున్న బానెట్టు కీళ్లు వదులు చేసి జరపడం, ఛాసిస్‌కీ బాడీకీ మధ్య వాషర్లు వేయడం, మళ్లీ మూసి చూడడం. నాలుగు రోజులు ఇదే పని.

తర్వాత వానలు. ముసురులో రంగు కొడితే తడి పట్టి తెల్లగా పాలిపోతుందని స్ప్రే గన్ ముట్టుకోలేదు. ప్రైమర్ పూసి, పైన టార్పాలిన్ కప్పేశాడు. ఈలోగా నేను కాగితాల సంగతి చూసుకున్నాను. 50 ఏళ్లు దాటిన బండ్లకి 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం, ముందే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుతారు, కొత్తగా రిజిస్టరు చేసేదానికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు, దానికి ఫీజు 20,000 రూపాయలు. బండి పాత రూపంలోనే ఉండాలి, ఆ పట్టున రంగూ పాతదే ఉంచుదామనుకున్నాం, ఎరుపు కొట్టిద్దామన్న మా అబ్బాయి కోరిక అక్కడితో ఆగింది.

పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం అయిన వారానికి ఎండ కాసింది. పాత లేత నీలం రంగే కొట్టాం. నాన్నని ఆటోలో షెడ్డుకి తీసుకొచ్చాను. రంగు చూడలేదు. నేరుగా ఎడమ తలుపు దగ్గరికి వెళ్లి కింద సందులో వేలు పెట్టారు. మేస్త్రీ గతుక్కుమని, "అక్కడ కాస్త ఎక్కువే ఉండిపోయింది పెద్దబాబూ, మళ్లీ సరిచేస్తాను" అన్నాడు.

"వద్దురా, కొన్నప్పుడే అలా ఉంది" అన్నారు నాన్న. తలుపు తీసి లోపల కూర్చున్నారు.