వాగ్దాన కార్డు మీద బిల్దదు మాట

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి వాగ్దానంగా ఒక బైబిలు వచనం అచ్చు వేసిన వాగ్దాన కార్డు తీసుకోవడం మన సంఘాల్లో చాలాచోట్ల ఉన్న అలవాటు. వరసలో వెళ్లి ఒక కార్డు తీస్తాం, అక్కడే నిలబడి చదువుకుంటాం, తెల్లారేసరికి అది వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది. ఆ కార్డుల్లో తరచూ వచ్చే వచనం యోబు 8:7. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." కొత్తగా షాపు పెట్టినవాళ్లకి ఈ కార్డు వచ్చిందంటే ఇక ఆ ఏడాదంతా సాక్ష్యం అదే.

ఆ మాట అన్నది దేవుడు కాదు, యోబు స్నేహితుల్లో ఒకడు, షూహీయుడైన బిల్దదు. పదిమంది పిల్లల్ని ఒకే రోజు పోగొట్టుకున్న తండ్రి యోబు ముందు కూర్చుని, నీ కుమారులు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వాళ్లని అప్పగించి ఉంటాడు అని 4వ వచనంలో అన్నాడు. 5, 6 వచనాల్లో, నువ్వు దేవుణ్ణి వెదికితే, పవిత్రుడివైతే అని షరతు పెట్టాడు. ఆ షరతు తర్వాత వచ్చిన మాట 7వ వచనం. పుస్తకం చివర 42:7లో దేవుడు మరో స్నేహితుడైన ఎలీఫజుతో, నా కోపం నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా మండుతోంది, మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదు అన్నాడు. ఆ ఇద్దరిలో ఒకడు బిల్దదే.

ఇంతవరకు తెలిశాక చాలామంది ఆగిపోతారు. కార్డు తప్పు, అచ్చు వేయించిన అయ్యగారు తప్పు అని తేల్చేస్తారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. యోబు 5:13లో ఎలీఫజు అన్న మాటని పౌలు 1 కొరింథీయులకు 3:19లో లేఖనంగానే ఎత్తి చూపించాడు. కాబట్టి ఆ స్నేహితులు పలికిన ప్రతి మాటా అబద్ధం అనడానికి లేదు. పైగా 42:12 ప్రకారం యోబు చివరి స్థితి మొదటి దానికంటే ఎక్కువగానే దీవించబడింది. బిల్దదు తప్పు ఎక్కడుందంటే, కష్టం వచ్చిందంటే పాపం ఉన్నట్టే, బాగుపడితే దేవుడు మెచ్చినట్టే అన్న అతని లెక్కలో. దేవుడు కోప్పడింది ఆ లెక్క మీద. కార్డు పట్టుకుని "ఈ ఏడాది నా వ్యాపారం పెరిగి తీరాలి" అనుకునేవాళ్లు తెలియకుండా అదే లెక్క వేస్తున్నారు. వ్యాపారం పెరగకపోతే మార్చి, ఏప్రిల్‌ నాటికి "నాలో ఏదో పాపం ఉంది" అని కుంగిపోవడం కూడా ఆ లెక్క ఫలితమే. నిజంగా ఆదరణ కావాలంటే యాకోబు 5:11 ఉంది. యోబు సహనాన్ని, ప్రభువు జాలిని, కనికరాన్ని గురించి అది చెప్తుంది.

ఆత్మీయ ఎదుగుదల అంటే నాకు అర్థమైనంతలో ఎక్కువగా ఇలాంటి పనే. హెబ్రీయులకు 5:14 బలమైన ఆహారం ఎవరికో చెప్తూ "అభ్యాసముచేత" మేలు కీడులను వివేచించేవారికి అంటుంది. ఆ పత్రిక అందుకున్నవాళ్లు కొత్తగా నమ్మినవాళ్లు కారు. కాలాన్ని బట్టి చూస్తే బోధకులుగా ఉండాల్సినవాళ్లు, ఇంకా పాల దగ్గరే ఉన్నారు. బాప్తిస్మం తీసుకుని ఇరవై ఏళ్లయిందన్నది లెక్కలోకి రాదు. ఉపవాస కూటంలో ఒక్కసారిగా దిగివచ్చేదీ కాదు. చిన్న విషయాల మీద రోజూ సాధన చేయాలి. చేతిలో ఉన్న కార్డుకంటే చిన్న విషయం ఏముంటుంది?

సాధన ఇలా ఉంటుంది. ముందు వచనం ఉన్న అధ్యాయం మొత్తం పైకి చదవాలి. యోబు 8కి 22 వచనాలే, అయిదు నిమిషాలు పట్టదు. ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అన్నారో ఒక వాక్యంలో సొంతంగా రాయాలి. రాయలేకపోతున్నారంటే ముందు అధ్యాయం కూడా చదవాలని అర్థం. తర్వాత ఆ వచనానికి పైనా కిందా "గనుక", "అయితే", "యెడల" ఉన్నాయేమో చూసి గీత గీయాలి. "నిన్ను తలగా నియమించును గాని తోకగా నియమింపడు" అన్న ద్వితీయోపదేశకాండము 28:13 కార్డు తీసుకోండి. షరతు ఆ వచనంలోనే ఉంటుంది, కార్డు మీద ఆ సగం కోసేస్తారు. ఆ అధ్యాయంలో దీవెనలు 14 వచనాలు, శాపాలు 54. ఆపైన ఆ మాట ఇశ్రాయేలుకి నిబంధనలో భాగంగా ఇచ్చిందని గుర్తుంచుకుని, క్రీస్తులో మనకి ఎలా వర్తిస్తుందో గలతీయులకు 3:13-14తో కలిపి చదవాలి. ఈ చివరి మెట్టే కష్టం. దీనికి పెద్దల సాయం అడగడం నామోషీ కాదు.

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న ఫిలిప్పీయులకు 4:13 పరీక్షల సీజన్ వచనం. పైన రెండు వచనాలు చదివితే చాలు, పౌలు మాట్లాడేది ఆకలిగా ఉన్నా కడుపు నిండినా తృప్తిగా ఉండటం గురించని తెలిసిపోతుంది. ర్యాంకు రాని పిల్లాడికే ఆ వచనం ఇంకా బాగా సరిపోతుంది.

యిర్మీయా 29:11 మీద మాత్రం కొంచెం ఆగాలి. "సమాధానకరమైన ఉద్దేశములు" అన్న ఆ మాట బబులోనుకి చెరగా వెళ్లినవాళ్లకి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. పై వచనంలోనే 70 ఏళ్లు అని ఉంది. ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది తిరిగి రాకుండా అక్కడే చనిపోతారన్నమాట. అందుకే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ముందే చెప్పాడు. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అందరూ తిరిగొస్తారు అని దేవాలయంలో, యాజకుల ముందు, యెహోవా పేరు మీదే చెప్పాడు. వినడానికి హాయిగా ఉన్నది హనన్యా మాట. యిర్మీయా మొదట "ఆమేన్, అలాగే జరుగును గాక" అన్నాడు, మాట నెరవేరినప్పుడు ప్రవక్త ఎవరో తెలుస్తుందన్నాడు. బబులోనుకి లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని హనన్యా విరగ్గొడితే అక్కడ గొడవపడకుండా తన దారిన వెళ్లిపోయాడు. దేవుని మాట మళ్లీ వచ్చాకే తిరిగి వచ్చి జవాబు చెప్పాడు. అయిదో నెలలో ప్రవచించిన హనన్యా ఏడో నెలలో చనిపోయాడు.

వీసా వస్తుంది, ఫలానా సంబంధమే దేవుని చిత్తం అని ఎవరైనా మీకు వ్యక్తిగతంగా ప్రవచనం చెప్తే పనికొచ్చే పద్ధతి ఇదే. అన్న మాటని అన్నట్టుగా, తేదీ వేసి రాసుకోండి. నెల తర్వాత మనకి తెలియకుండానే దాన్ని సర్దేస్తాం. 1 కొరింథీయులకు 14:29 ప్రకారం మిగతావాళ్లు వివేచించాలి కాబట్టి, చెప్పినవాళ్లు కాకుండా మరో ఇద్దరు పెద్దలకి చూపించండి. ఎవరికీ చెప్పొద్దని షరతు పెట్టినా, కానుకతో ముడిపెట్టినా అక్కడితో ఆపేయండి. ఆ మాట ఆధారంగా అప్పు చేయొద్దు, ఉద్యోగం మానొద్దు. జరిగింది కదా అని కూడా తొందరపడొద్దు. సూచన నెరవేరినా వేరే దేవుళ్ల వైపు తిప్పే ప్రవక్త మాట వినొద్దని ద్వితీయోపదేశకాండము 13లో ఉంది.

దీనికి అవతలి గుంట కూడా ఉంది. ప్రతి బోధకుడి మీద యూట్యూబ్‌లో తప్పుల వీడియోలు చూస్తూ దాన్నే వివేచన అనుకోవడం. పౌలు బోధ విన్న బెరయ పట్టణం వాళ్లు ముందు ఆసక్తితో వాక్యాన్ని అంగీకరించారు, ఆపైన రోజూ లేఖనాలు పరిశోధించారు. "ఆత్మను ఆర్పకుడి", "సమస్తమును పరీక్షించి" అన్నవి ఒకే చోట, 1 థెస్సలొనీకయులకు 5లో, రెండు వచనాల తేడాలో ఉన్నాయి. ఫిలిప్పీయులకు 1:9లో పౌలు వివేచన అడిగింది ప్రేమ కోసం.

అందుకని, యోబు 8:7 కార్డు పట్టుకుని సంతోషంగా వచ్చిన మామ్మగారికి బిల్దదు కథ అక్కడికక్కడే చెప్పక్కర్లేదు. వందనాలు చెప్పి, తీరికగా ఆమెతో కూర్చుని 42వ అధ్యాయం చదివితే చాలు. చెప్పాల్సింది కార్డులు ఎంచేవాళ్లకి, అదీ అచ్చుకి ఇవ్వకముందు నవంబరులో, ఏకాంతంగా. షరతు ఉన్న వచనమైతే షరతుతో సహా వేయమనండి. మాట్లాడింది ఎవరో కింద చిన్న అక్షరాల్లో వేయమనండి. కార్డు వెనకవైపు ఖాళీగానే ఉంటుంది కాబట్టి "ఈ వారం ఈ అధ్యాయం మొత్తం చదవండి" అని ఒక్క లైను వేయించడానికి పెద్దగా ఖర్చు కూడా ఉండదు.