యాక్సిడెంట్ డబ్బు కట్టమని సాలిసిటర్ ఉత్తరం వస్తే

ఫలానా తేదీన మీ నిర్లక్ష్యం వల్ల మా క్లయింట్ కారు దెబ్బతింది, 14 రోజుల్లో ఇంత కట్టండి, లేకపోతే కోర్టుకు వెళ్తాం. ఉత్తరం ఇంచుమించు ఇలాగే ఉంటుంది. మీరు చూసినదాని ప్రకారం తప్పు అవతలివాళ్లది. అయినా ఆ లెటర్‌హెడ్ చూడగానే గుండె ఝల్లుమంటుంది. నిజానికి సాలిసిటర్, అంటే అవతలివాళ్ల లాయర్, అందులో తీర్పేమీ ఇవ్వలేదు. క్లయింట్ చెప్పిన కథను, అడగమన్న మొత్తాన్ని కాగితం మీద పెట్టారంతే. తప్పు మీదని నిరూపించాల్సిన బాధ్యత వాళ్లదే. రెండు కథల్లో ఏది ఎక్కువ నమ్మదగ్గదిగా ఉంటే జడ్జి అటు మొగ్గుతారు. ఈ వ్యవహారాల్లో తప్పు లేకపోయినా నష్టపోయేవాళ్లు రెండు రకాలు: అసలు జవాబివ్వనివాళ్లు, మూడు పేజీల జవాబిచ్చేవాళ్లు.

ఇక్కడ రాస్తున్నది ఇంగ్లాండ్, వేల్స్ పద్ధతి. స్కాట్లాండ్ కోర్టుల తీరు వేరు.

ముందు ఆ ఉత్తరం అసలైనదో కాదో చూడాలి. సాలిసిటర్లను నియంత్రించే సాలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ వెబ్‌సైట్లో ఫర్మ్ పేరు వెతికితే రిజిస్టర్లో ఉందో లేదో తెలుస్తుంది. ఫోన్ చేయాలనుకుంటే ఉత్తరంలోని నంబరు వదిలేసి రిజిస్టర్లో దొరికే వివరాలు వాడండి. పంపింది ఫర్మ్ కాకుండా, పరిహారం ఇప్పిస్తామని కేసులు చేపట్టే క్లెయిమ్స్ మేనేజ్‌మెంట్ కంపెనీ కావచ్చు. అప్పుడు చూడాల్సింది ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ రిజిస్టర్.

ఆ తర్వాత తేలాల్సిన విషయం: జవాబు రాయాల్సింది మీరా, మీ ఇన్సూరెన్స్ కంపెనీయా? యాక్సిడెంట్ రోజున మీకు పాలసీ ఉంటే నూటికి తొంభై సందర్భాల్లో కంపెనీయే రాయాలి. వచ్చిన రోజే ఉత్తరాన్ని, కవరును కూడా స్కాన్ చేసి పంపేయండి. 'చిన్న గీతే కదా, చెబితే ప్రీమియం పెరుగుతుంది' అనుకుని అప్పట్లో చెప్పని వాళ్లు ఇప్పుడైనా చెప్పాలి. ప్రతి యాక్సిడెంటూ తెలియజేయాలన్నది దాదాపు అన్ని పాలసీల్లో ఉండే షరతు. ఆలస్యమైన కొద్దీ కంపెనీతోనే ఇంకో తగాదా మొదలవుతుంది. తప్పు ఒప్పుకోకూడదు, తమ అనుమతి లేకుండా సెటిల్ చేసుకోకూడదు అనే షరతు కూడా అదే పాలసీ పుస్తకంలో ఉంటుంది. సాలిసిటర్‌కు మాత్రం రెండు వాక్యాలు చాలు: మీ ఉత్తరం అందింది, మా ఇన్సూరర్ ఫలానా, పాలసీ నంబరు ఫలానా, ఇకపై వారితోనే మాట్లాడండి. ఇన్సూరెన్స్ వివరాలు దాచడం కుదరదు. 1988 నాటి రోడ్ ట్రాఫిక్ యాక్ట్ 154వ సెక్షన్ ప్రకారం, క్లెయిమ్ చేసినవాళ్లు అడిగినప్పుడు చెప్పకపోవడం నేరం.

కంపెనీకి పంపేసి చేతులు దులుపుకుంటే మాత్రం చాలదు. కేసు నడిపే హక్కు పాలసీ ద్వారా వాళ్లకు వెళ్తుంది. ఖర్చు లెక్క చూసుకుని చెరి సగం అని సర్దేయడానికీ వాళ్లు వెనకాడరు. అందుకే మొదటి ఈమెయిల్లోనే స్పష్టంగా రాయాలి: లయబిలిటీ (నష్టానికి బాధ్యత) నేను ఒప్పుకోవడం లేదు, ఆధారాలు ఇవిగో, నన్ను అడగకుండా సెటిల్ చేయవద్దు. చట్టపరంగా అది వాళ్లను కట్టిపడేయదు. కానీ ఫైల్లో ఆ మాట ఉన్న కేసును కంపెనీలో దాన్ని చూసే ఉద్యోగి అంత తేలిగ్గా వదిలేయరు.

అవతలివాళ్లకు గాయాలున్నాయంటే అది వేరే దారిలో నడుస్తుంది. 2021 మే 31న గానీ ఆ తర్వాత గానీ జరిగిన యాక్సిడెంట్లలో గాయానికి అడిగే పరిహారం 5,000 పౌండ్లు, మొత్తం క్లెయిమ్ 10,000 పౌండ్లు దాటకపోతే, ఎక్కువ భాగం అఫీషియల్ ఇంజ్యురీ క్లెయిమ్ అనే ఆన్‌లైన్ పోర్టల్ గుండా వస్తాయి. లయబిలిటీ మీద జవాబివ్వడానికి ఇన్సూరర్‌కు అక్కడ 30 పనిదినాలు ఉంటాయి. ఇన్సూరర్ అడిగిన ఫారం మీరు నింపకుండా నాన్చిన ప్రతి రోజూ ఆ ముప్ఫైలోంచే పోతుంది. కారులో ఒక్కరే ఉన్నారని మీకు గుర్తుండి, క్లెయిమ్ ముగ్గురి పేరు మీద వస్తే ఆ సంగతి మొదటి రోజే రాయండి. 'అంత చిన్న తాకిడికి మెడ పట్టేసే అవకాశమే లేదు' అనే వాదన పెట్టదలిస్తే, క్లెయిమ్ ఉత్తరం అందిన మూడు నెలల్లోపు అవతలివాళ్లకు నోటీసివ్వాలని 2006లో కోర్ట్ ఆఫ్ అప్పీల్ చెప్పింది. ఇన్సూరర్‌కు దాన్ని గుర్తు చేయడంలో తప్పులేదు.

పాలసీ లేకపోయినా, కంపెనీ కవర్ చేయనన్నా జవాబు మీరే రాయాలి. కోర్టుకు ముందు పాటించాల్సిన పద్ధతి ప్రకారం మామూలు కేసులో 14 రోజుల్లో, బాగా చిక్కుముడి ఉన్నదానికి మహా అయితే మూడు నెలల్లోపు సమాధానం వెళ్లాలి. 'ఏడు రోజుల్లో కట్టండి' అని బెదిరిస్తే, అందిన తేదీ రాసి, 14 రోజుల్లో పూర్తి జవాబు ఇస్తానని ఆ రోజే ఒక ఈమెయిల్ కొట్టండి.

అసలు జవాబు ఒక పేజీ దాటకూడదు. పైన వాళ్ల రిఫరెన్స్ నంబరు, తేదీ. తర్వాత లయబిలిటీ ఒప్పుకోవడం లేదనే వాక్యం. ఆ కింద ఏం జరిగిందో నాలుగైదు వాక్యాల్లో: రోడ్డు పేరు, మీరున్న లేన్, మీ వేగం, అవతలి కారు ఎటు నుంచి వచ్చింది, మీ కారులో ఏ భాగానికి తగిలింది. కచ్చితంగా గుర్తున్నదే రాయండి. '28 మైళ్ల వేగంతో వెళ్తున్నాను' అని ఇప్పుడు ధీమాగా రాసి, ఏడాది తర్వాత హియరింగ్‌లో 'ముప్ఫై ఉండొచ్చేమో' అంటే, ఆ రెండు మైళ్లకన్నా మాట మారడమే ఎక్కువ చెరుపు చేస్తుంది. 'ఎండ కళ్లలో పడింది', 'ఆ రోజు తొందరలో ఉన్నాను', 'ఆఖరి క్షణంలో చూశాను' లాంటివి సానుభూతి కోసం రాస్తారు. అవతలివాళ్లు హైలైటర్‌తో గీసేది వాటినే. యాక్సిడెంట్ దగ్గర 'సారీ' అన్నానే అని బెంగపడేవాళ్లకు ఒక ఊరట: 2006 నాటి కాంపెన్సేషన్ యాక్ట్ ప్రకారం క్షమాపణ చెప్పడం దానంతటదే నిర్లక్ష్యాన్ని ఒప్పుకున్నట్టు కాదు.

చాలామంది ఈ ఉత్తరం పైన 'వితౌట్ ప్రెజుడిస్' అని పెద్దక్షరాలతో పెడతారు, అదేదో రక్షరేకు అయినట్టు. ఆ మాట రాజీ బేరానికి సంబంధించినది. దాని కింద రాసింది మామూలుగా జడ్జి ముందుకు రాదు. మీరు తప్పు ఒప్పుకోలేదని, మొదటి నుంచీ ఒకే మాట మీద ఉన్నారని జడ్జికి తెలియాలి కదా, మరి ఆ ఉత్తరాన్నే ఎందుకు దాచుకోవడం? బేరం ఆడాలనుకుంటే దానికి వేరే ఉత్తరం.

ఆధారాల్లో మాటకన్నా రేకు గట్టి సాక్షి. రౌండబౌట్ మీద రెండు కార్లు పక్కపక్కన రాసుకుని, నువ్వు నా లేన్లోకి వచ్చావంటే నువ్వొచ్చావని వాదించుకునే కేసే తీసుకోండి. మీ తలుపు మీది గీత వెనక నుంచి ముందుకు సాగి ఉంటే, తగిలినప్పుడు అవతలి కారు మీకన్నా వేగంగా ఉన్నట్టు. ముందు నుంచి వెనక్కి ఉంటే మీదే వేగం. రంగు పొర ఎటువైపు పోగుపడి లేచిందో దగ్గరగా తీసిన ఫొటోలో కనిపిస్తుంది. అందుకే రిపేరుకు ఇచ్చే ముందు కొలత టేపు నేల మీద నిలబెట్టి, గీత ఎత్తు సెంటీమీటర్లలో చదవగలిగేలా ఫొటోలు తీయండి. వాళ్లు పంపే ఫొటోల్లో దెబ్బ ఎత్తు దీనికి సరిపోకపోతే అది పాత దెబ్బ కావచ్చు. డాష్‌క్యామ్ కార్డు వెంటనే బయటకు తీసేయాలి. లేకపోతే పాత క్లిప్ మీదే కొత్తది రికార్డవుతుంది. షాపుల సీసీటీవీ కూడా నెల తిరక్కుండా చెరిగిపోవడం మామూలే. మీరు కనిపించే ఫుటేజీని డేటా చట్టం కింద రాతపూర్వకంగా అడగవచ్చు. జవాబివ్వడానికి వాళ్లకు నెల గడువుంది కాబట్టి, చెరపకుండా ఉంచమని ఆ అభ్యర్థనలోనే రాయండి.

హైవే కోడ్ (అక్కడి రోడ్డు నియమాల పుస్తకం) ఉల్లంఘన దానంతటదే తప్పును తేల్చదు గానీ, కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. 126వ రూల్లో 30 మైళ్ల వేగానికి ఆగే దూరం 23 మీటర్లు. అందులో కాలు బ్రేకు మీద పడేలోపే 9 మీటర్లు గడిచిపోతాయి. 'ముప్ఫైలో వస్తున్నా, పది మీటర్ల దూరంలో చూసి ఆపేశా' అని అవతలి డ్రైవర్ రాస్తే ఆ లెక్క పొసగదు.

ఇక వాళ్లు అడిగిన డబ్బు సంగతి. 'తప్పు నాది కాదు' అన్న ఊపులో అంకె జోలికే వెళ్లరు చాలామంది. నా దృష్టిలో అది పెద్ద పొరపాటు. లయబిలిటీ కాదంటూనే మొత్తాన్నీ విడిగా కాదనాలి. ఉదాహరణకు 4,718 పౌండ్లు అడిగారనుకుందాం: రిపేరు 1,850, అద్దె కారు 34 రోజులకు రోజుకు 62 చొప్పున 2,108, టోయింగ్ 250, స్టోరేజీ 21 రోజులకు 420, ఇంజినీర్ రిపోర్టు 90. ఆ ఇంజినీర్ రిపోర్టులోనే 'కారు నడపదగ్గ స్థితిలో ఉంది, రిపేరుకు ఐదు రోజులు' అని ఉందా? అప్పుడు టోయింగ్ ఎందుకు, స్టోరేజీ ఎందుకు? అద్దె కారు కావాల్సింది గ్యారేజీలో ఉన్న ఐదు రోజులే. పైగా ఆ 62 అనేది 'ఇప్పుడు తీసుకో, డబ్బు తర్వాత అవతలివాళ్ల దగ్గర లాగుదాం' అనే క్రెడిట్ హైర్ రేటు. చేతిలో డబ్బున్నవాళ్లకు దక్కేది మామూలు అద్దె రేటు మాత్రమే. నిజంగా స్తోమత లేనివాళ్లకే క్రెడిట్ రేటు దక్కుతుందని అప్పట్లో అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ 2003లో చెప్పింది. స్తోమత లేదంటే యాక్సిడెంట్‌కు ముందు మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు చూపమనండి. మామూలు రేటు రోజుకు 35 అయితే ఐదు రోజులకు 175. మొత్తం 2,115కు దిగింది. తప్పు చెరి సగమని తేలితే 1,057.50. క్లయింట్ వ్యాట్ రిజిస్టర్ అయిన వ్యాపారమైతే రిపేరు బిల్లులోని వ్యాట్ కూడా అడగకూడదు.

కాబట్టి జవాబు చివర్లో ఈ కాగితాలు అడగండి: ఇంజినీర్ రిపోర్టు, తేదీలున్న అసలు ఫొటోలు, రిపేరు ఇన్వాయిస్, హైర్ అగ్రిమెంట్, కారు ఎప్పుడు గ్యారేజీకి వెళ్లి ఎప్పుడు వచ్చిందో చూపే రికార్డు, సాక్షుల స్టేట్‌మెంట్లు. అడిగిన తర్వాత కొన్ని ఫర్మ్‌ల నుంచి మళ్లీ ఉలుకూ పలుకూ ఉండదు. దాంతో వ్యవహారం తీరిపోయిందనుకోకండి. వస్తువు నష్టానికి ఆరేళ్లు, గాయానికి మూడేళ్ల దాకా కోర్టుకు వెళ్లే వీలుంది.

ఈలోగా 'ఓ 600 ఇచ్చేయండి, ఇన్సూరెన్స్ దాకా ఎందుకు' అనే ఫోన్ రావచ్చు. కట్టాలనే నిర్ణయించుకుంటే, ఈ యాక్సిడెంట్‌కు సంబంధించి గాయాలతో సహా అన్ని క్లెయిమ్‌లకూ ఇదే పూర్తి, చివరి సెటిల్‌మెంట్ అని రాసిన కాగితం మీద వాళ్ల సంతకం పడ్డాకే కట్టండి. అది లేకపోతే ఆ 600 బంపర్‌కు జమ, మెడ నొప్పికి ఇంకో ఉత్తరం.

కోర్టు నుంచి క్లెయిమ్ ఫారం వచ్చిందంటే మాత్రం క్యాలెండర్ ముందు పెట్టుకోవాలి. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఆ రోజే కంపెనీకి ఫోన్ చేసి, కాగితాలు ఈమెయిల్ చేసి, అందాయని రాతపూర్వకంగా తీసుకోవాలి. పోస్టులో పంపిన క్లెయిమ్ రెండో పనిదినానికి అందినట్టు లెక్క. మార్చి 2 సోమవారం పోస్టు చేస్తే 4 బుధవారం అందినట్టే, మీరు కవరు విప్పింది తొమ్మిదిన అయినా సరే. క్లెయిమ్ వివరాలు దానితోపాటే వచ్చి ఉంటే అక్కడి నుంచి 14 రోజులు, అంటే మార్చి 18 లోపు అందిందని తెలిపే ఫారం కోర్టుకు చేరాలి. అది పంపితే డిఫెన్స్‌కు (క్లెయిమ్‌కు మీరిచ్చే రాతపూర్వక సమాధానానికి) గడువు 28 రోజులకు, ఏప్రిల్ 1కి జరుగుతుంది. పంపకపోతే డిఫెన్స్ కూడా 18కే ఇచ్చేయాలి. ఇంకా సమయం కావాలంటే అవతలి సాలిసిటర్ ఒప్పుకుంటే మరో 28 రోజుల దాకా పొడిగించుకోవచ్చు, కోర్టుకు ఆ విషయం రాసి తెలపాలి. ఇంత అని అంకె వేసి అడిగిన క్లెయిమ్‌కు డిఫెన్స్ ఫారం ఎన్9బి. మీ కారు నష్టం రాబట్టాలంటే అందులోనే కౌంటర్‌క్లెయిమ్ ఉంటుంది, దానికి ఫీజు వేరే. ఫారం కింద నిజమేనని సంతకం చేస్తారు కాబట్టి, తెలిసి అబద్ధం రాస్తే కోర్టు ధిక్కారం కిందకు రావచ్చు.

గాయాలు లేని 10,000 పౌండ్లలోపు కేసు మామూలుగా చిన్న మొత్తాల కేసులు నడిచే స్మాల్ క్లెయిమ్స్ ట్రాక్‌లోకి వెళ్తుంది. అక్కడ ఓడినా అవతలి సాలిసిటర్ గంటల బిల్లు మీ నెత్తిన పడదు. కోర్టు ఫీజులు, కొద్దిపాటి ఫిక్స్‌డ్ ఖర్చులు, సాక్షుల ప్రయాణ ఖర్చుల్లాంటివే ఉంటాయి, మీరు అడ్డగోలుగా ప్రవర్తిస్తే తప్ప. 'లీగల్ ఖర్చులు వేలల్లో అవుతాయి' అని ఉత్తరంలో బెదిరించినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినేది ఇల్లు మారినవాళ్లు. చివరిగా తెలిసిన చిరునామాకు పంపినా చాలాసార్లు అందినట్టే లెక్క. ఏడాదికో అద్దె ఇల్లు మారుతూ, కారు కాగితాల్లో పాత చిరునామా వదిలేస్తే, మీకు తెలియకుండానే డిఫాల్ట్ జడ్జిమెంట్ (జవాబు రాలేదని ఇచ్చే ఏకపక్ష తీర్పు) పడి, మార్ట్‌గేజ్ దరఖాస్తు తిరస్కరించిన రోజున బయటపడుతుంది. అందుకే తగాదా నడుస్తుండగా ఇల్లు మారితే సాలిసిటర్‌కూ, ఇన్సూరర్‌కూ కొత్త చిరునామా ఈమెయిల్ చేసి, డీవీఎల్ఏలో (వాహనాలు, లైసెన్సుల సంస్థ) మార్చి, పాత చిరునామాకు వచ్చే పోస్టు కొత్తదానికి చేరేలా రాయల్ మెయిల్ రీడైరెక్షన్ పెట్టుకోండి. అప్పటికే జడ్జిమెంట్ పడితే ఎన్244 ఫారంతో రద్దు కోరవచ్చు. తెలిసిన వెంటనే కదిలారా, గెలవగలిగే డిఫెన్స్ ఉందా అన్నవి జడ్జి చూస్తారు. కాబట్టి డిఫెన్స్ డ్రాఫ్టును, ఫొటోలను ఆ దరఖాస్తుకే జత చేయండి. రద్దు కాకపోతే, జడ్జిమెంట్ తేదీ నుంచి నెలలోపు మొత్తం కట్టేస్తే కోర్టు తీర్పుల రిజిస్టర్ నుంచి తీసేస్తారు. నెల దాటాక కడితే చెల్లించినట్టు గుర్తు పడుతుంది గానీ, ఎంట్రీ మాత్రం ఆరేళ్లు అలాగే ఉంటుంది.